సరిహద్దు దాటిన పుస్తకంపై హక్కు ఎవరిది: బెర్న్ ఒడంబడిక, దానికి ముందరి ఒప్పందాలు

ఇక్కడ అడిగినవి మూడు ప్రశ్నలు. రచయితల హక్కులను సభ్యదేశాలన్నిటిలో కాపాడే 1886 నాటి బెర్న్ ఒడంబడికకు ముందు రచయితకు పరాయి దేశంలో ఏదైనా రక్షణ ఉండేదా? ఆ ఒడంబడిక ఎలా సాధ్యమైంది? అది మన పుస్తకాలకు ఎప్పటి నుంచి వర్తించింది? అనువాద అనుమతుల వ్యవహారాలు చాలాకాలంగా చూస్తున్నవాడిగా సమాధానం చెప్పే ప్రయత్నం చేస్తాను. రక్షణ ఉండేది గాని అది అతుకుల బొంత. ఇక మన దేశానికి బెర్న్ ఒడంబడిక వర్తించిన తేదీ చాలామంది అనుకునేదానికన్నా బాగా ముందుది. ఈ ఒప్పందాలన్నీ దొంగ ముద్రణలను ఆపడానికే పుట్టాయని సాధారణంగా అనుకుంటారు. పుట్టింది అందుకే, కాని ఆ తగవు సూత్రం వరకు త్వరగానే తేలిపోయింది. తేలకుండా దశాబ్దాల పాటు నలిగింది అనువాద హక్కు. తెలుగు పాఠకులకు ఎక్కువ సంబంధం ఉన్నదీ దానితోనే కనుక నా సమాధానం అటే మొగ్గుతుంది.

1710లో బ్రిటన్ చేసిన చట్టాన్ని ఆధునిక గ్రంథస్వామ్యానికి (కాపీరైటుకు) మొదటి మెట్టుగా చెబుతారు. ఆ చట్టం ఐర్లండుకు వర్తించలేదు. రాజు ఒకడే అయినా, లండన్‌లో వెలువడిన పుస్తకాన్ని డబ్లిన్‌లోని ముద్రాపకులు ఎవరి అనుమతీ లేకుండా చౌకగా అచ్చువేసి అమ్ముకునేవారు. వారు తమ దేశంలో చేసిన ఈ పని చట్టరీత్యా నేరం కాదు. 1801లో రెండు రాజ్యాలూ ఏకమై, చట్టం ఐర్లండుకు విస్తరించిన తరువాతే ఆ వ్యాపారం ఆగింది. గ్రంథస్వామ్యం అనేది ఒక రాజ్యం తన చట్టం ద్వారా ఇచ్చే హక్కు కాబట్టి ఆ రాజ్యపు హద్దు దగ్గరే అది నిలిచిపోతుంది. ఆనాటి సమస్యకు మూలం ఇదే.

ఈ బాధ అందరికన్నా ఎక్కువగా పడినవారు జర్మన్ భాషా రచయితలు. భాష ఒకటే, పాఠకలోకం ఒకటే, కాని రాజ్యాలు ముప్పై తొమ్మిది. 1825లో జర్మన్ మహాకవి గెటే తన సమగ్ర రచనల కడపటి కూర్పును ప్రకటించదలచినప్పుడు, పునర్ముద్రణల నుంచి రక్షణ కోసం ఆ రాజ్యాల కూటమి అయిన జర్మన్ సమాఖ్య సభను ఆశ్రయించాడు. ఆ సభకు అందరి తరఫున ఒకే ఆజ్ఞ ఇచ్చే అధికారం లేకపోవడంతో ఒక్కొక్క రాజ్యం నుంచీ విడివిడిగా ప్రత్యేక హక్కు పత్రాలు పొందవలసి వచ్చింది. అంత పేరున్నవాడికి, మంత్రి పదవి చేసినవాడికి అది కుదిరింది. సాధారణ రచయితకు కుదిరే పని కాదు. సరిగ్గా ఆ కాలంలోనే, 1827 నుంచి 1829 వరకు, ప్రష్యా తక్కిన జర్మన్ రాజ్యాల్లో ముప్పై రెండింటితో వరుసగా ఒప్పందాలు చేసుకుంది. మీ రచయితలను మా దగ్గర మా రచయితలలాగే చూస్తాం, మా వారిని మీరూ అలాగే చూడండి అన్నదే వాటి సారాంశం. తరువాత బెర్న్‌కు ఆయువుపట్టు అయిన సూత్రం ఇదే. 1837లో జర్మన్ సమాఖ్య సభ్యరాజ్యాలన్నిటికీ వర్తించేలా పదేళ్ల కనీస రక్షణను తీర్మానించింది.

వేర్వేరు సార్వభౌమ దేశాల మధ్య కుదిరిన తొలి సమగ్ర ఒప్పందంగా చెప్పదగినది 1840 మే 22న వియన్నాలో ఆస్ట్రియాకూ సార్డీనియా రాజ్యానికీ మధ్య జరిగినది. ఇటాలియన్ భాషదీ జర్మన్ పరిస్థితే: మంజోని నవల 1827లో వెలువడగానే ఇటలీ ద్వీపకల్పంలోని రాజ్యరాజ్యంలోనూ అనుమతి లేని ముద్రణలు పుట్టుకొచ్చాయి. వియన్నా ఒప్పందం రచయిత జీవితకాలంతో పాటు మరణానంతరం ముప్పై ఏళ్ల వరకు వారసులకు హక్కు ఇచ్చింది, ఇతర ఇటాలియన్ రాజ్యాలు చేరడానికి తలుపు తెరిచి ఉంచింది. టస్కనీ, పోప్ పాలిత రాజ్యం, పార్మా, మోడెనా వంటివి చేరాయి. నేపుల్స్ కేంద్రంగా ఉన్న దక్షిణ రాజ్యం చేరలేదు, దాంతో అక్కడి ముద్రాపకుల వ్యాపారం యథాప్రకారం సాగింది. ఒక్క రాజ్యం బయట ఉండిపోయినా ఒప్పందానికి ఎంత గండి పడుతుందో తరువాతి తరం దౌత్యవేత్తలకు తెలియజెప్పినది ఈ నేపుల్స్ ఉదంతమే.

ఫ్రాన్స్‌కు నేపుల్స్ వంటి తలనొప్పి బ్రస్సెల్స్. పారిస్ పత్రికల్లో ధారావాహికగా వస్తున్న నవలను బెల్జియం ముద్రాపకులు పత్రిక నుంచే కూర్చి, పారిస్‌లో పుస్తకం రాకముందే అచ్చువేసేవారు. రచయితకు చెల్లించేది లేదు కనుక ధర తక్కువ, ఆ తక్కువ ధరతో యూరప్ అంతటా అమ్మకం. ఫ్రెంచి నవలాకారుడు బాల్జాక్ 1834లో తోటి రచయితలకు బహిరంగ లేఖ రాసి ఈ దోపిడీని ఎత్తిచూపాడు. చాలాకాలం ఫలితం లేకపోయింది. ఫ్రాన్స్ చివరికి చేసిన పని ఆనాటి లెక్కలకు విపరీతమైనది. 1852 మార్చి 28న లూయీ నెపోలియన్ ప్రభుత్వం ఒక శాసనం ద్వారా, విదేశంలో ప్రచురితమైన ఏ గ్రంథాన్నైనా అనుమతి లేకుండా ఫ్రాన్స్‌లో అచ్చువేయడం నేరమని ప్రకటించింది. ఆ విదేశం ఫ్రెంచి పుస్తకాలను కాపాడుతుందా లేదా అన్న షరతు పెట్టలేదు. పైకి ఔదార్యంలా కనిపించినా ఇందులో లెక్క ఉంది: పరాయి పుస్తకాల దొంగ ముద్రణతో తాను పొందేదానికన్నా, తన పుస్తకాల దొంగ ముద్రణతో పోగొట్టుకునేది చాలా ఎక్కువ. మేం ముందుగా మానేశాం, ఇక మీ వంతు అని బేరానికి కూర్చోవడానికి ఆ శాసనం బలాన్నిచ్చింది. అదే ఏడాది ఆగస్టులో బెల్జియంతో ఒప్పందం కుదిరింది, 1854లో అమలులోకి వచ్చి బ్రస్సెల్స్ పునర్ముద్రణ పరిశ్రమకు తెరవేసింది. ఆ తరువాత యూరప్‌లోని చాలా రాజ్యాలు ఫ్రాన్స్‌తో ఇటువంటి ఒప్పందాలు చేసుకున్నాయి.

బ్రిటన్ దారి వేరు. 1838లో పార్లమెంటు చేసిన అంతర్జాతీయ గ్రంథస్వామ్య చట్టం కింద ఒక్క ఒప్పందమూ కుదరలేదు. 1844లో దాన్ని తిరగరాశాక, 1846లో ప్రష్యాతో మొదటి ఒప్పందం జరిగింది. ఈ 1844 చట్టంలో గమనించవలసిన సెక్షన్ ఒకటి ఉంది: విదేశీ గ్రంథానికి అనువాదం చేసి ప్రచురించడాన్ని ఈ చట్టంలోని ఏదీ అడ్డుకోదని అది స్పష్టంగా చెప్పింది. అంటే జర్మన్ పుస్తకాన్ని జర్మన్ భాషలో లండన్‌లో అచ్చువేయకూడదు, ఇంగ్లీషులోకి మార్చి అచ్చువేసుకోవచ్చు. లండన్‌లో జర్మన్ పుస్తకాన్ని మూలంలో కొనేవారు ఎంతమంది? డబ్బు వచ్చేచోట హక్కు లేదు, హక్కు ఉన్నచోట డబ్బు రాదు. ఆనాటి ఒప్పందాల మీద నా ప్రధానమైన ఫిర్యాదు ఇదే.

1851 నవంబరు 3న ఫ్రాన్స్, బ్రిటన్‌ల మధ్య కుదిరిన ఒడంబడిక ఈ లోపాన్ని కొంత సవరించింది గాని, ఇచ్చిన తీరు చూస్తే ఇవ్వకపోవడమే మేలనిపిస్తుంది. ఫ్రెంచి రచయిత బ్రిటన్‌లో అనువాద హక్కు నిలుపుకోవాలంటే ఆ హక్కును అట్టేపెట్టుకుంటున్నానని ముఖపత్రం మీద ప్రకటించాలి. పుస్తకం వెలువడిన మూడు నెలల్లోగా లండన్‌లోని స్టేషనర్స్ హాలులో నమోదు చేసి, ప్రతిని దాఖలు చేయాలి. అక్కడి నుంచి ఏడాదిలోగా అధికారిక అనువాదంలో కొంత భాగమైనా, మూడేళ్లలోగా మొత్తమూ వెలువడాలి, ఆ అనువాదాన్నీ నమోదు చేయాలి. ఇన్నీ చేస్తే దక్కేది అనువాదం వెలువడిన నాటి నుంచి అయిదేళ్ల రక్షణ. ఒక్క గడువు తప్పినా అదీ లేదు. షరతులు రెండు వైపులా ఒకటే కనుక ఆ కాలపు ఇంగ్లీషు పుస్తకాల ముఖపత్రాల మీద అనువాద హక్కు ప్రత్యేకమన్న వాక్యం తరచుగా కనిపిస్తుంది. అది అలంకారం కాదు, ఈ షరతు ఫలితం.

నాటకాల విషయంలో బ్రిటన్ ఇంకో కిటికీ తెరిచి ఉంచింది. ఒడంబడికను అమలుచేయడానికి తెచ్చిన 1852 చట్టం, విదేశీ నాటకాలను ఇంగ్లీషు రంగస్థలానికి న్యాయమైన రీతిలో అనుకరించడం, మలచుకోవడం నేరం కాదన్నది. లండన్ నాటకశాలలు అప్పట్లో పారిస్ నాటకాల మీద ఎంతగా ఆధారపడేవో తెలిసినవారికి ఆ వాక్యం ఎవరి కోసం చేరిందో వేరుగా చెప్పనక్కరలేదు. పాత్రల పేర్లు మార్చి, ఊరు మార్చి, కథను యథాతథంగా ఆడించేవారు. ఈ వెసులుబాటును తొలగించడానికి వీలు కల్పించిన చట్టం 1875లో గాని రాలేదు.

చట్టం లేనిచోట మర్యాదతో నడిచిన ప్రచురణకర్తలు లేకపోలేదు. లైప్‌జిగ్‌లో టౌఖ్నిట్జ్ అనే ప్రచురణకర్త 1841లో ఇంగ్లీషు రచయితల గ్రంథమాలను మొదలుపెట్టి, 1843 నుంచి, అంటే ప్రష్యా, బ్రిటన్‌ల ఒప్పందానికి ముందే, లండన్ రచయితలకు తనంతట తాను పారితోషికం ఇచ్చి అనుమతి తీసుకున్నాడు. దానికి బదులుగా ఆ ప్రతులను బ్రిటన్‌లోకి రానివ్వకూడదన్నది నియమం. ఇవాళ మన పుస్తకాల మీద ఫలానా దేశాల్లో మాత్రమే అమ్మకానికి అని ఉండే హద్దుల వెనుక ఉన్న పద్ధతి అప్పటికే ఇక్కడ స్థిరపడింది.

రెండేసి దేశాల ఒప్పందాల్లో ఉన్న అసలు చిక్కు వాటి సంఖ్య కాదు, నిలకడ లేకపోవడం. చాలావాటిని వాణిజ్య ఒప్పందాలతో ముడిపెట్టారు. 1851 ఒడంబడికలోనే పుస్తకాల మీద దిగుమతి సుంకం తగ్గింపు ఒక భాగం. సుంకాల ఒప్పందం గడువు తీరితే దానితో పాటు రచయిత హక్కూ ఊడిపోయే పరిస్థితి. ఏ దేశంలో ఎంతకాలం, ఏ కార్యాలయంలో నమోదు, ఎన్ని ప్రతుల దాఖలు అన్నవి జతజతకూ మారేవి. ఒక నవలకు పది దేశాల్లో రక్షణ కావాలంటే రచయిత వకీలును వెంటపెట్టుకుని తిరగవలసిందే.

దీన్ని ఒకే కప్పు కిందికి తేవాలన్న ఆలోచన ప్రభుత్వాల నుంచి కాక, రచయితల నుంచీ ప్రచురణకర్తల నుంచీ వచ్చింది. 1858 సెప్టెంబరులో బ్రస్సెల్స్‌లో, అంటే ఒకప్పటి దొంగ ముద్రణల రాజధానిలో, జరిగిన మహాసభ ప్రతి దేశమూ పరాయి రచయితల హక్కును ఎదుటి దేశం ఏం చేస్తుందో చూడకుండా గుర్తించాలని కోరింది. ఆ తీర్మానం కాగితం మీదే ఉండిపోయింది. ఇరవై ఏళ్ల తరువాత, 1878లో పారిస్ ప్రదర్శన సందర్భంగా విక్టర్ హ్యూగో అధ్యక్షతన జరిగిన సభ నుంచి అంతర్జాతీయ సాహిత్య సంఘం పుట్టింది. ఆ సభలో హ్యూగో ప్రసంగాన్ని రచయితల హక్కుకు మద్దతుగా మాత్రమే ఉదహరించడం అలవాటుగా మారింది, అది సగం మాటే. పుస్తకం పుస్తకంగా రచయితదే గాని, భావంగా అది మానవజాతి అందరిదీ అని, రెండు హక్కుల్లో ఒకదాన్ని వదులుకోక తప్పకపోతే వదులుకోవలసింది రచయిత హక్కునే అని ఆయన అదే వేదిక మీద అన్నాడు.

ఆ సంఘం 1882లో రోమ్‌లో సమావేశమైనప్పుడు, ఒక్కో దేశంతో ఒక్కో ఒప్పందం కాక, దేశాలన్నీ కలిసి ఒక కూటమిగా ఏర్పడాలన్న ప్రతిపాదన జర్మన్ పుస్తక విక్రేతల ప్రతినిధి నుంచి వచ్చింది. 1883లో బెర్న్‌లో ముసాయిదా తయారైంది. స్విస్ ప్రభుత్వం, ముఖ్యంగా ఆ ప్రభుత్వంలో సభ్యుడైన న్యూమా ద్రోజ్, దాన్ని చేపట్టి 1884, 1885, 1886 సంవత్సరాల్లో మూడు దౌత్య సమావేశాలు నడిపాడు. 1886 సెప్టెంబరు 9న పది దేశాలు సంతకం చేశాయి: ఫ్రాన్స్, జర్మనీ, బ్రిటన్, ఇటలీ, స్పెయిన్, బెల్జియం, స్విట్జర్లండ్, ట్యునీసియా, హైతీ, లైబీరియా. లైబీరియా అప్పుడు ఆమోదముద్ర వేయకపోవడంతో తొమ్మిది దేశాల మధ్య 1887 డిసెంబరు 5న అది అమలులోకి వచ్చింది.

ఆ సమావేశాల్లో జర్మనీ అన్ని దేశాలకూ ఒకే చట్టం రాద్దామని కోరింది. అది కుదరదని త్వరలోనే తేలింది. దాని బదులు ప్రష్యా ఏనాడో వాడిన సూత్రాన్నే తీసుకున్నారు: కూటమిలోని ఏ దేశపు రచయితనైనా తక్కిన దేశాలు తమ సొంత రచయితతో సమానంగా చూడాలి. రక్షణ కాలం మాత్రం మూలదేశంలో ఉన్నదానికి మించనక్కరలేదు. నమోదు, దాఖలు వంటి లాంఛనాలను మూలదేశంలో పూర్తిచేస్తే చాలు, పది దేశాల కార్యాలయాల చుట్టూ తిరగనక్కరలేదు. సామాన్య రచయితకు దక్కిన పెద్ద ఊరట ఇదేనని నా అభిప్రాయం.

తగవు అంతా అనువాదం దగ్గర వచ్చింది. మూలానికి హక్కు ఎంతకాలమో అనువాదానికీ అంతకాలమే ఉండాలని ఫ్రాన్స్ పట్టుబట్టింది. స్వీడన్, నార్వేల ప్రతినిధులు ఒప్పుకోలేదు. చిన్న భాషల్లో చదువుకునే జనానికి అనువాదాలే జ్ఞానానికి దారి అని, ఆ దారిలో సుంకం గేటు పెట్టవద్దని వారి వాదం. దేశాలు ఏ పక్షాన నిలబడ్డాయన్నది చూస్తే, పుస్తకాలు ఎగుమతి చేసేవారు ఒకవైపు, దిగుమతి చేసుకునేవారు మరోవైపు స్పష్టంగా కనిపిస్తారు. చివరికి మూలం వెలువడిన నాటి నుంచి పదేళ్ల పాటు అనువాద హక్కు రచయితదే, ఆ తరువాత ఎవరైనా చేసుకోవచ్చు అన్న రాజీ కుదిరింది. 1896లో పారిస్‌లో దాన్ని సవరించి, ఆ పదేళ్లలో ఒక భాషలో అధికారిక అనువాదం వస్తే ఆ భాష వరకు హక్కు పూర్తికాలం నిలుస్తుందన్నారు. 1908లో బెర్లిన్‌లో ఈ గడువునే ఎత్తివేసి, అనువాద హక్కును మూలం హక్కుతో సమానం చేశారు, లాంఛనాలనూ పూర్తిగా తొలగించారు. అయితే పాత పదేళ్ల నియమాన్నే పాటిస్తామనుకునే దేశాలకు ఆ వెసులుబాటు మిగిలింది. 1899లోనే చేరిన జపాన్ దాన్ని 1980 దాకా వాడుకుంది.

అమెరికా సంగతి క్లుప్తంగా చెప్పి ముగిస్తాను, ఎందుకంటే అది అందరికీ తెలిసిన కథ. 1790 నాటి వారి చట్టం సొంత పౌరులకూ నివాసులకూ మాత్రమే హక్కు ఇచ్చింది. 1842లో డికెన్స్ అక్కడికి వెళ్లి విందు సభల్లో ఈ మాట ఎత్తితే పత్రికలు ఆయన మీదే విరుచుకుపడ్డాయి. 1891లో గాని విదేశీయులకు హక్కు రాలేదు, వచ్చినా పుస్తకం అమెరికాలో కూర్చిన అచ్చుతోనే రావాలన్న షరతుతో వచ్చింది. బెర్న్‌లో అమెరికా చేరింది 1989 మార్చి 1న.

ఇక మన సంగతి. బ్రిటన్ తన వలసలన్నిటి తరఫునా సంతకం చేసింది కనుక, బెర్న్ ఒడంబడిక బ్రిటిష్ ఇండియాకు మొదటి రోజు నుంచే, అంటే 1887 డిసెంబరు 5 నుంచే వర్తించింది. చాలాచోట్ల 1928 అని చూస్తారు. భారతదేశం తన పేరుతో విడి సభ్యత్వం పొందినది ఆ ఏడాది ఏప్రిల్ 1న. ఒడంబడిక కాగితం మీద ఉన్నంత మాత్రాన ఇక్కడ అనువాదానికి రక్షణ ఉందనుకోకూడదు. అప్పుడు ఇక్కడ అమలులో ఉన్నది 1847 నాటి చట్టం, అందులో అనువాదం మాటే లేదు. 1895లో మాక్మిలన్ సంస్థ తన ఇంగ్లీషు పాఠ్యపుస్తకాల ఉర్దూ అనువాదాల మీద దావా వేసినప్పుడు, అనువాదం చేయడం ఆ చట్టం ప్రకారం హక్కు భంగం కాదని బొంబాయి హైకోర్టు తీర్పు చెప్పింది.

1911 నాటి బ్రిటిష్ సామ్రాజ్య చట్టం అనువాద హక్కును పూర్తికాలానికి ఇచ్చింది. దాన్ని 1914లో ఇక్కడ అమలుచేస్తూ తెచ్చిన భారతీయ చట్టం నాలుగో సెక్షన్‌లో ఒక మినహాయింపు పెట్టింది: బ్రిటిష్ ఇండియాలో తొలిసారి ప్రచురితమైన గ్రంథాలకు అనువాద హక్కు పదేళ్లే, ఆ లోపు ఏ భాషలో అధికారిక అనువాదం వస్తే ఆ భాషకు మాత్రం పూర్తికాలం. పోల్చి చూస్తే ఇది 1896 నాటి పారిస్ సవరణే. దీని ఫలితం కొంచెం వింతగా ఉంటుంది. 1917లో కలకత్తాలో తొలిసారి అచ్చయిన ఒక బెంగాలీ నవలకు అప్పటికి అధికారిక తెలుగు అనువాదం రాకపోతే, 1927 తరువాత మద్రాసులోనో బెజవాడలోనో ఎవరైనా దాన్ని తెలుగు చేసి అమ్ముకోవచ్చు. అదే ఏడాది లండన్‌లో వెలువడిన నవలను అనువదించాలంటే రచయిత చనిపోయిన యాభై ఏళ్ల దాకా అనుమతి కావాలి. దేశంలోని భాషల మధ్య రాకపోకలకు గేటు ఎత్తేసి, ఇంగ్లండు పుస్తకానికి మాత్రం కాపలా ఉంచారన్నమాట. ఆ రోజుల్లో బెంగాలీ నుంచి వచ్చిన తెలుగు అనువాదాలన్నీ దొంగతనాలేనని తేలిగ్గా అనేవారు ఈ సెక్షన్‌ను ఒకసారి చదవాలి. కొన్ని అనుమతితో వచ్చాయి, కొన్ని గడువు తీరాక వచ్చాయి, గడువుకు ముందే వచ్చినవీ ఉండవచ్చు. దేనికదే తేదీలు చూసి తేల్చుకోవలసిన విషయం. సెక్షన్‌లో ఉన్నది బ్రిటిష్ ఇండియా అన్న మాట కాబట్టి, నిజాం రాజ్యంలో తొలిసారి అచ్చయిన పుస్తకాలను ఈ లెక్కలో కలపకూడదు.

1958 జనవరి 21న అమలులోకి వచ్చిన 1957 చట్టం ఆ పదేళ్ల పరిమితిని తీసివేసి, అనువాద హక్కును గ్రంథస్వామ్యంలో భాగంగా పూర్తికాలానికి ఇచ్చింది. దానికి బదులుగా 32వ సెక్షన్‌లో, తొలి ప్రచురణ జరిగిన ఏడేళ్ల తరువాత అనువాదం కోసం నిర్బంధ లైసెన్సు, అంటే హక్కుదారు ఒప్పుకోకున్నా దక్కే అనుమతి, అడగడానికి ఒక మార్గం ఉంచింది. రక్షణ కాలం ఇప్పుడు రచయిత మరణించిన మరుసటి ఏడాది మొదలు నుంచి అరవై ఏళ్లు. కాబట్టి పాత విదేశీ పుస్తకాన్నో, పాత బెంగాలీ నవలనో ఇవాళ కొత్తగా తెలుగు చేయదలచినవారు మొదట చూడవలసింది మూల రచయిత చనిపోయిన సంవత్సరం. పాత తెలుగు అనువాదాన్నే మళ్లీ అచ్చువేయదలచినవారు దానితో పాటు అనువాదకుడు చనిపోయిన సంవత్సరాన్నీ చూడాలి. మూలం హక్కు తీరిపోయినా అనువాదకుడి హక్కు విడిగా మిగిలి ఉండవచ్చు, అప్పుడు అనుమతి తీసుకోవలసింది ఆయన వారసుల దగ్గర.